ఆఖరి బిగింపు

మా ఇంట్లో ఈ కథను ఎప్పుడూ ఒకే తీరుగా చెబుతారు. నొప్పులు పడుతున్న సరోజక్కను వెనక సీట్లో పడుకోబెట్టుకుని తొర్రూరు నుంచి మానుకోట దవాఖానకు పోతున్న వ్యాన్ నడిరోడ్డు మీద తుపాకీలా పేలి ఆగిపోయింది. ఎందుకు ఆగింది? డిగ్రీ చదువుతున్న విజయ, అనగా నేను, ఆడపిల్లకు సంబంధం లేని పనిలో వేలు పెట్టి ఇంజిన్ ప్లగ్గులకు ఏదో నల్లటి మందు పూసింది కాబట్టి. ఆ మందుకు జారి ప్లగ్గు ఊడి ఎగిరింది. అక్క పక్కనున్న తండాలో కన్నది. పుట్టినవాడికి అందుకే ప్లగ్గు శీను అని పేరు పడింది. ఈ కథ చెప్పేది మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, సరోజక్కకు తండ్రి. పేలుడు దగ్గరికి రాగానే తొడ మీద చరుస్తాడు. అందరూ నవ్వుతారు. నవ్వినాక అందరూ నా ముఖం చూస్తారు, నేను కూడా నవ్వితే కథ పూర్తయినట్టు. నేను ఏనాడూ నవ్వలేదు. ఆ కథలో నిజాలు రెండే ఉన్నాయి. వ్యాన్ ఆగింది, శీను పుట్టాడు. మిగిలింది మా పెద్దబాపు తన చేతి దుమ్ము నా చీరకు తుడుచుకోవడం.

పోయిన నెల జనగామలో ఆ శీను బిడ్డకే తొట్లె ఫంక్షన్ చేశారు. భూపాలపల్లి నుంచి నా కారు నేనే నడుపుకుంటూ బయలుదేరి, చుట్టు తిరుగుడైనా తొర్రూరుకు పోయి అమ్మను ఎక్కించుకున్నాను. ఇంటికి సున్నం వేయించాలని అమ్మ అటక మీది సామాను మొత్తం దించి కూర్చుంది. చిల్లుల గంటెలు, మూతల్లేని డబ్బాలు, ఎవరూ వాడని కుంపటి, వాటి మధ్య నుంచి ఒక జర్దా డబ్బా తీసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా ముందు పెట్టింది.

"మీ బాపుది. పారేద్దామంటె చెయ్యి రాలె. సచ్చి ఇన్నేండ్లాయె, ఇంకా కంపు కొడ్తనే ఉన్నది సూడు."

మూత రాలేదు. గంటె కాడతో లేపాను. లోపల ఎండిపోయిన కాటుకలాగా నల్లటి మందు అంచులకు అతుక్కుని ఉంది. దాని మధ్యలో బాపు ఖాకీ చొక్కా పేలిక, ఆ పేలికలో చుట్టి ఒక పాత ప్లగ్గు. విప్పి చూడగానే అది ఏ ప్లగ్గో నాకు తెలిసిపోయింది. డబ్బా మూసి సంచిలో వేసుకున్నాను. అమ్మ ఏమిటని అడగలేదు. మా ఇంట్లో ఆడవాళ్లు అడగవలసినవి అడగకుండా బతకడం బాగా నేర్చారు, నేను ఒక్కదాన్నే ఆ బడికి సరిగ్గా పోలేదు.

తొర్రూరులో మావి ఒకే వాకిలికి రెండు ఇళ్లు. కుడివైపు పెద్దబాపుది, ఎడమవైపు మాది, మధ్యలో రేకుల షెడ్డు. షెడ్డులో కిరాయికి తిప్పే మా వ్యాన్ ఉండేది. పెళ్లిచూపులకు, మేడారం జాతరకు, దవాఖానకు, బయ్యారంలో బంధువుల ఇంటికి, ఎవరికి ఎక్కడికి కావాలంటే అక్కడికి బాపు పోయేవాడు. పొద్దున లేచేసరికి పొయ్యి మీద జొన్నరొట్టె కాలిన వాసన, షెడ్డు వైపు నుంచి పెట్రోలు వాసన కలిసి వచ్చేవి. ఈనాటికీ రొట్టె కాలుతుంటే నా ముక్కు పెట్రోలు కోసం వెతుక్కుంటుంది. బాపు బర్రెను కడిగినట్టు వ్యాన్‌ను కడిగేవాడు, తలకాయ నుంచి తోక దాకా, అదిలిస్తూ మాట్లాడుతూ. ఆ వ్యాన్‌కు ఇంజిన్ ముందు సీటు కిందే ఉంటుంది. సీటు లేపితే అన్నం కుండ మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టేది. బాపు తల పెట్టే మెత్తల గలేబులకు నల్ల మరకలు అంటుతున్నాయని అమ్మ రోజూ తిట్టేది, బాపు రోజూ వినేవాడు, మరకలు రోజూ పడేవి.

ఆ మరకలు ఈ మందువే. వ్యాన్ కొన్న కొత్తలో బాపుకు దీని సంగతి తెలియదు. మొదటిసారి ప్లగ్గులు మార్చబోతే నడిమిది కదలలేదు. కిరసనాయిలు పోసి, పొద్దంతా నాననిచ్చి, పానా వేస్తే ప్లగ్గు మెడ విరిగి చేతికొచ్చింది, చుట్లు చుట్లుగా ఉండే మర ఇంజిన్‌లోనే ఉండిపోయింది. ఇంజిన్ మీది హెడ్డు మొత్తం విప్పి గోనెసంచిలో కట్టుకుని వరంగల్‌కు బస్సులో మోసుకుపోయాడు. అక్కడి నుంచి హెడ్డుతో పాటు ఈ మందు కూడా తెచ్చుకున్నాడు. గ్రీజులో పెన్సిల్ ముల్లు లాంటి నల్లటి పొడి కలిపిన ముద్ద. దానికి ఇంగ్లీషులో యాంటీ సీజ్ అని పేరుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకు అది మందే.

"ప్లగ్గు ఇనుపది బిడ్డా, హెడ్డు సిల్వర్‌ది," అని చెప్పాడు బాపు. "మన వంటగిన్నెల సిల్వరే. రెండిటికి పొంతన లేదు. వేడికి ఒకదాన్ని ఒకటి కర్సుకుంటయి. నడుమ గీ మందు ఉంటె ఎవల తావున వాళ్లుంటరు."

"అయితే జరంత మన వాకిట్ల గూడ పుయ్యి," అన్నాను పెద్దబాపు ఇంటివైపు చూస్తూ.

బాపు నవ్వు ఆపుకుని, "మెల్లగ అనే, ఇంటడు," అన్నాడు. మా బాపు బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది.

నడిమి ప్లగ్గు దగ్గరికి బాపు మొద్దు వేళ్లు పోయేవి కావు. నావి పోయేవి. అలా ఆ పని నాకు వచ్చింది, ఎవరో దయతలచి ఇస్తే రాలేదు. అగ్గిపుల్లతో మందు తీసి మర మీద పలుచగా పూయాలి. కొన దగ్గర రెండు చుట్లు వదిలేయాలి, అక్కడ పూస్తే మందు నిప్పు పుట్టే మొన మీదికి కారుతుంది, ప్లగ్గు పనికిరాకుండా పోతుంది. ముందు పానా లేకుండా వట్టి వేళ్లతోనే తిప్పాలి. వాషర్ ఆనినట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు పానా పెట్టి పావు చుట్టు. అంతటితో ఆపాలి. ఆపడమే ఇందులో అసలు పని. మొదట్లో నేను భయానికి ఇంకొంచెం తిప్పబోతే బాపు పానా మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"గాజులామె మీ అమ్మకు గాజులు తొడిగేటప్పుడు చూసినవా? సబ్బు రాసినంక గట్టిగ నూకుతదా? సబ్బు లేనప్పుడు నూకినంత బలం సబ్బు రాసినంక గూడ పెడ్తె ఏమైతది?"

"చెయ్యి ఇరుగుతది."

"గంతే. మందు పూసిన మరకు సగం చెయ్యి సాలు."

నేను ఫిజిక్స్ చదువుతున్నాను అప్పుడు. రాపిడి గురించి కాలేజీలో పేజీలకు పేజీలు రాయించారు, బాపు గాజులామెతో సరిపెట్టాడు. రెండూ నాకు పనికొచ్చాయి, ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని నేను అనను. అట్లా అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నాకు ఆ షెడ్డులో దొరికింది వేరే. లర్నింగ్ లైసెన్సు తీసుకున్నాను. ఆడవాళ్లు ఒంటరిగా దవాఖానకు పోవలసినప్పుడు, పుట్టింటికి పోవలసినప్పుడు వ్యాన్ నేను నడుపుతానని బాపుతో మాట తీసుకున్నాను. తొర్రూరులో అప్పటికి కిరాయి బండి నడిపే ఆడమనిషి లేదు. ఆ ఏడు నేను నేల మీద నడవలేదు.

ఇక పెద్దబాపు చెయ్యి సంగతి. మా ఇంటి ఆచారం ఒకటుంది. బయటివాళ్లకు చెబితే నమ్మరు. ఇంట్లో ఏది బిగించినా ఆఖరి బిగింపు పెద్దవాడి చేతితో పడాలి. నులక మంచం అల్లినా, నాగలికి చీల కొట్టినా, బోరు మోటారుకు బోల్టు పెట్టినా, చిన్నవాళ్లు పని పూర్తిచేసి పక్కకు జరగాలి, పెద్దవాడు వచ్చి ఇంకొక్క పట్టు పట్టాలి. మా తాత పోయాక ఆ హక్కు పెద్దబాపుకు వచ్చింది. ఆయన దాన్ని హక్కులా కాదు, ఆకలిలా వాడాడు. "పెద్దచెయ్యి పడందే బిగువు రాదు" అనేవాడు. ఆవకాయ జాడీకి అమ్మ కట్టిన వాసెన కూడా ఆయన వచ్చి మళ్లీ లాగి కట్టేవాడు. ఒక ఏడు తాడు తెగింది, ఒక ఏడు జాడీ మెడే పగిలింది. పగిలిన జాడీ ముందు నిలబడి "మట్టి మంచిది గాదు" అన్నాడు. మేము ఆవకాయను గిన్నెల్లోకి ఎత్తుకున్నాం.

వ్యాన్ ప్లగ్గులకూ అదే ఆచారం. దూరం కిరాయి ఉన్న పొద్దు పెద్దబాపు తువ్వాల భుజాన వేసుకుని వచ్చేవాడు. బాపు సీటు లేపి, పానా తుడిచి, ప్రసాదం ఇచ్చినట్టు అన్న చేతికి ఇచ్చేవాడు. ఆయనది ట్రాక్టరు చెయ్యి. మందు పూసిన మర సగం చెయ్యితో ఆగాలి కదా, ఆయన రెండు చేతులు వేసేవాడు. మందు లేకపోతే మర ఎదురు తిరిగి ఆయన్ను ఆపేదేమో. మందు ఉండటం వల్ల మెత్తగా లొంగేది, లొంగేకొద్దీ ఆయనకు ఇంకా తిప్పాలనిపించేది. ఆయన తృప్తిగా మూలిగి ఇంట్లోకి పోయాక బాపు వాకిలి వైపు ఒకసారి చూసి, మళ్లీ సీటు లేపి, మూడు ప్లగ్గులూ కొంచెం కొంచెం వదులు చేసి, తిరిగి తన పావు చుట్టు తిప్పేవాడు.

"అన్నా వద్దు, మందు పూసినం అని చెప్పరాదు?" అని అడిగాను ఒకసారి.

"చెప్తె బాధ పడ్తడు. వదులు చేసుడు ఎంతసేపు?"

ఇదీ మా ఇంటి మర్యాద. ఒకడు ముందుచూపు లేకుండా బిగిస్తాడు, ఒకడు వెనుక నుంచి వచ్చి వదులు చేస్తాడు, ఇద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణం అని ఊరంతా మెచ్చుకుంటుంది. ఈ రెండు పనుల మధ్య సమయం దొరకని పొద్దు ఒకటి వస్తుందని బాపుకు ఎందుకు తోచలేదో నాకు అర్థం కాదు. మందు తప్పు కాదు. బలం కూడా తప్పు కాకపోవచ్చు. రెండూ ఒకే మర మీద పడటం తప్పు, అది తెలిసిన మనిషి నోరు మూసుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

సరోజక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వాళ్ల అమ్మ అంతకుముందే పోయింది కాబట్టి చూసుకోవడం మా అమ్మ, నేను. ఇక ఏ రోజైనా దవాఖానకు పోవలసి వస్తుందని ముందురోజు మధ్యాహ్నం నేను కొత్త ప్లగ్గులు ఎక్కించాను. మందు పూసి, వేళ్లతో తిప్పి, పావు చుట్టు. బాపు పానా పెట్టి చూసి "మంచిగున్నది" అన్నాడు. తెల్లారేసరికి నొప్పులు వచ్చాయి. నేను లోపల బట్టల మూట కడుతున్నాను, అమ్మ నీళ్లు కాచి సీసాలో పోస్తోంది, బాపు పెట్రోలు కోసం డబ్బా తీసుకుని పోయాడు. ఆయన తిరిగి వచ్చేసరికి అక్క వాకిట్లో గోడ పట్టుకుని నిలబడి ఉంది, పెద్దబాపు వ్యాన్ ముందు సీట్లో కూర్చుని "నడువు నడువు" అంటున్నాడు. ఆ సీటు లేపి ప్లగ్గులు చూసుకునే అవకాశం పెద్దబాపు ఆనాడు బాపుకు ఇవ్వలేదు.

నెల్లికుదురు దాటేదాకా బండి బాగానే పోయింది. ఒక చిన్న ఎత్తు ఎక్కుతుండగా సీటు కింద ఢాం అని పేలింది. తర్వాత ప్రతి తిప్పుకూ చప్పరించినట్టు ఫస్ ఫస్ అనే చప్పుడు, ముక్కు పగిలే పెట్రోలు వాసన. బాపు ఇంజిన్ ఆపేసి అందరినీ దింపాడు. సీటు లేపితే నడిమి ప్లగ్గు తన వైరుకే వేలాడుతూ ఉంది, చంపిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు. బాపు దాన్ని మళ్లీ రంధ్రంలో పెట్టి తిప్పాడు. పట్టుకోలేదు. పట్టుకోవడానికి అక్కడ మర లేదు.

రోడ్డు పక్కనే తండా. చప్పుడు విని వచ్చిన వాళ్లలో మంగ్లి అనే పెద్దామె సరోజక్కను చూసి, కోడలికి తమ భాషలో ఏదో చెప్పి పంపించి, అక్క చంక కింద చెయ్యి వేసి నడిపించింది. పెద్దబాపు అడ్డం పోయి, "జర ఆగవ్వా, బండి ఇప్పుడే అయితది," అన్నాడు.

"కనేది బండా, నీ బిడ్డా?" అన్నది మంగ్లి. "మొగోళ్లు గటు జరుండ్రి."

ఆమె ఇంట్లో, ఆమె మంచం మీద, ఆమె చేతుల్లోకి శీను వచ్చాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. పెద్దబాపు చెప్పే కథలో మంగ్లి పేరు ఉండదు. "ఎవరో తండామె" అంటాడు. కథలో ఆడవాళ్ల పేర్లలో ఆయనకు గుర్తున్నది తప్పు చేసిన దాని పేరు ఒక్కటే.

బిడ్డ ఏడుపు వినబడ్డాక, భయం పోయి మగవాళ్లకు కోపం తెచ్చుకునే తీరిక దొరికాక, పెద్దబాపు వ్యాన్ దగ్గర నిలబడి తమ్ముణ్ని అడిగాడు.

"గీ ప్లగ్గులు ఎవలు ఎక్కిచ్చిండ్రు?"

నేను అక్కడే ఉన్నాను, అక్క కోసం నీళ్ల బిందె పట్టుకుని. బాపు నావైపు చూడలేదు. చేతిలో ప్లగ్గు ఉంది. దాన్ని చూస్తూ చెప్పాడు.

"విజ్జి ఎక్కిచ్చింది అన్నా."

అబద్ధం కాదు. ఎక్కించింది నేనే. అబద్ధం ఆడకుండానే మనిషిని అమ్మేయవచ్చని నేను నేర్చుకున్నది అక్కడే. పెద్దబాపు ఇక వేరే ఏమీ అడగలేదు, ఆయనకు కావలసింది దొరికింది. "ఆడిపిల్ల చెయ్యి, దాని మీద గా నల్లటి మందు, ఇంకేముంటది" అన్నాడు. ఆ వాక్యం అప్పటి నుంచి ఇప్పటి దాకా చెక్కుచెదరలేదు. తొడ మీద చరుపు మాత్రం తర్వాత కలిపాడు.

హెడ్డు మళ్లీ వరంగల్‌కు పోయింది. పోయిన మర స్థానంలో కొత్త మర ఉన్న ఇనుప బుష్ కొట్టించి తెచ్చారు. వ్యాన్ తిరిగింది, నేను ఆగిపోయాను. తాళంచెవి మేకుకే వేలాడేది, నా చెయ్యి అటు పోతే అమ్మ "వద్దే, పెద్దబాపు చూస్తడు" అనేది. లర్నింగ్ లైసెన్సు గడువు అయిపోయింది. మాట ఇచ్చిన బాపు ఆ మాట ఊసే ఎత్తలేదు. నన్ను బీఈడీకి పంపించారు, చిట్యాలలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది, భూపాలపల్లిలో ఇల్లు కట్టుకున్నాను. చెడ్డ బతుకేమీ కాదు. కానీ "మంచిగనే సెటిల్ అయినవ్ గద" అని ఎవరైనా అంటే నాకు కొట్టబుద్ధవుతుంది. మంచి జరిగింది కాబట్టి తప్పు జరగలేదా? కారు నడపడం నేను నా జీతంతో, నా నలభయ్యో పడిలో, పిల్లల వయసున్న వాడి దగ్గర నేర్చుకున్నాను. వాడు నాకు క్లచ్ అంటే ఏమిటో చెబుతుంటే పళ్లు బిగపట్టుకుని విన్నాను.

ఇప్పుడు ప్లగ్గులు మారాయి. మరలకు తెల్లటి మెరుగు పూత ఫ్యాక్టరీలోనే వేసి వస్తున్నాయి, అది సిల్వర్‌ను కరవనివ్వదు. నా కారుకు నేనే మార్చుకుంటాను, పెట్టె మీద మర మీద ఏమీ పూయవద్దని రాసి ఉంటుంది, నేను ఏమీ పూయను. ఎంత బలానికి ఆగాలో చెప్పే పానా కూడా కొనుక్కున్నాను. అంత దాకా తిప్పగానే టక్కుమంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా పెద్దబాపుకు నోరు మూయించే వస్తువు ఒకటి లోకంలో ఉందని తృప్తి కలుగుతుంది. ఒకసారి తీరికలేక భూపాలపల్లిలో ఒక షెడ్డుకు ఇచ్చాను. ఆ మిస్త్రీ పూత ఉన్న కొత్త ప్లగ్గులకు ట్యూబులోంచి మందు దండిగా పూసి, బారెడు కాడ ఉన్న పానా అందుకున్నాడు.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?"

"మందు పూస్తె సేఫ్టీ మేడం."

"పూస్తె సగం చెయ్యి సాలు. నువ్వు రెండు చేతులు పెడ్తానవు."

"మేడం ఏ సార్ దగ్గర నేర్చుకున్నరు?" అని నవ్వాడు. ప్లగ్గులు వాడి చేతిలోంచి తీసుకుని, మందు తుడిచి, వాడి షెడ్డులోనే నేను ఎక్కించుకున్నాను. బాపు మందు ఆనాటి వట్టి ఇనుప మరకు సరైనది. ఈనాటి మరకు అక్కర్లేదు. మందు మాత్రం గుర్తుంచుకుని సగం చెయ్యిని మరిచిపోయిన వాళ్లే ఇప్పుడు ఎక్కువ. ఆనాడు మా వాకిట్లో ఒక్కడే పెద్దబాపు ఉండేవాడు, ఇప్పుడు ప్రతి షెడ్డులో ఒకడు ఉన్నాడు.

జనగామ ఫంక్షన్ హాల్లో ఫ్యాన్ కింద కుర్చీలో పెద్దబాపును కూర్చోబెట్టారు. చూపు మందగించింది కానీ గొంతు తగ్గలేదు. తొట్లెలో మునిమనవరాలిని చూసి, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. "వీళ్ల నాయిన ఎట్ల పుట్టిండో ఎరుకనా?" ఎప్పటిలాగే పేలుడు, తొడ మీద చరుపు, నవ్వులు. శీను కూడా నావైపు తిరిగి, "చిన్నమ్మా, నువ్వు మందు పుయ్యకపోతే నేను దవాఖానల పుట్టేటోన్ని," అన్నాడు. మంచివాడే, వాడికి చెప్పిన కథ అది.

నేను సంచిలోంచి డబ్బా తీసి, పేలిక విప్పి, ప్లగ్గును పెద్దబాపు అరచేతిలో పెట్టాను.

"ఏందే గిది?"

"ఆనాడు ఎగిరిన ప్లగ్గు. బాపు దాచిపెట్టిండు. ఏలుతో చూడు."

ఆ ప్లగ్గు మర చుట్టూ మెరిసే తీగలాగా సిల్వర్ చుట్టుకుని ఉంది. హెడ్డులో ఉండవలసిన మర మొత్తం ఊడి దీనితో వచ్చేసింది. వదులుగా ఉండి ఊడిన ప్లగ్గు అట్లా రాదు. వాషర్ నలిగి కాగితంలా అయింది. పానా పట్టే మూలలు అరిగి గుండ్రంగా ఉన్నాయి, పానా కాడకు పైపు తొడిగి పొడుగు చేసి తిప్పితే తప్ప అట్లా అరగవు. ఇవన్నీ అందరికీ వినబడేలా ఒక్కొక్కటి చెప్పాను, బడిలో చెప్పినట్టు. చెప్పి అడిగాను.

"పానాకు పైపు ఏసి తిప్పింది ఎవలు పెద్దబాపూ?"

ఆయన బొటనవేలుతో ఆ సిల్వర్ చుట్లను తడిమాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. ముఖం వెలిగింది.

"నేనే," అన్నాడు. "నేను గాక ఎవడు తిప్పుతడే గంత గట్టిగ? మీ బాపుకు ఉండెనా గంత బలం?" ప్లగ్గును పైకెత్తి చుట్టూ చూపించాడు. "సూడుండ్రి. మరకు మరే ఊడొచ్చింది. గదీ చెయ్యంటె."

అందరూ మళ్లీ నవ్వారు, ఈసారి ఇంకా గట్టిగా. శీను ప్లగ్గును ఫోటో తీసుకున్నాడు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూస్తున్న ఒప్పుకోలు నా కళ్లముందే వచ్చి, పొగడ్తగా మారి, ఆయన మెడలో దండలాగా పడింది. ఇక ముందు ఫంక్షన్లలో కథకు ఇది కూడా కలుస్తుంది. ప్లగ్గు తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. నేను ఆయన వేళ్లు విప్పి లాక్కున్నాను. "ఈమె చెయ్యి గూడ తక్కువది గాదు," అన్నాడు మెచ్చుకోలుగా. నాకు ఏడుపు రాలేదు, చెప్పుకోవలసింది అదొక్కటే.

చేతులు కడుక్కునే చోట సరోజక్క నా పక్కన వచ్చి నిలబడింది. నల్లా తిప్పి నీళ్లు పోనిచ్చింది, కడుక్కోలేదు.

"ఆ పొద్దు నువ్వు వాకిట్లనే ఉంటివి గదక్కా. పైపు ఏసుడు చూసినవా?"

"చూసిన."

"చూసి?"

"నొప్పులు పడేటోల్లు పైపు సంగతి చెప్తరా విజ్జీ."

"నొప్పులు తగ్గినంక?"

అక్క నల్లా కట్టేసింది. "తగ్గినంక మీ బాపుకు చెప్పిన. నన్ను చూడనీకె వచ్చినప్పుడు. 'చిన్నబాపూ, విజ్జిది తప్పు లేదు, మా బాపే పైపు ఏసిండు' అన్న. 'నాకు ఎరుకనే బిడ్డా, ఊకో' అన్నడు. ఊకున్న."

కారులో అమ్మ ముందు సీట్లో కూర్చుని వాయనం పొట్లం ఒళ్లో పెట్టుకుంది. డబ్బా మా ఇద్దరి మధ్య ఉంది. ఏసీ వేసినా ఆ వాసన పోలేదు. "నీకు ఎరుకనా?" అని అడిగాను. "మీ బాపు నాకు ఏం చెప్పేటోడు," అంటూ అమ్మ కిటికీ వైపు తిరిగింది. అన్న బాధపడతాడని బాపు ఊరుకున్నాడంటే అది నాకు కొత్త కాదు, ఆ లెక్క నేను ఎప్పుడో కట్టుకున్నాను. త్రాసులో పెడితే బిడ్డ కంటే అన్నే బరువు అనుకున్నాడు, సరే. కానీ ఆ ప్లగ్గు సంగతి వేరు. పాత ప్లగ్గులను బాపు షెడ్డు వెనక పారేసేవాడు, పాత ఇనుము వాడు వచ్చి ఏరుకుపోయేవాడు. ఈ ఒక్కదాన్ని పెట్రోలుతో కడిగాడు. వాషర్ ఊడకుండా చూసుకున్నాడు, సిల్వర్ చుట్టు ఒక్కటి కూడా రాలిపోకుండా తన చొక్కా చింపి చుట్టాడు, తుప్పు పట్టకుండా ఆ మందులోనే పెట్టి మూత బిగించాడు. అంత జాగ్రత్తగా సాక్ష్యం దాచిన మనిషి, నేను చిట్యాల నుంచి సెలవులకు వచ్చిన ప్రతిసారీ, పెద్దబాపు తొడ చరిచిన ప్రతిసారీ, అటక మీదికి ఒక్క చూపు కూడా చూడకుండా అన్నం కలుపుకుని తిన్నాడు. ఎవరికి చూపిద్దామని దాచినవు బాపూ?